డింగో పాఠంలో వచ్చిన మన బావురుపిల్లి



గత నెల ఎనిమిదో తరగతి ఇంగ్లీష్ క్లాసులో డిబేట్ పెట్టాను. ఆస్ట్రేలియాలో గొర్రెల్ని తింటున్నాయని డింగోలనే అడవి కుక్కల్ని విషం పెట్టీ, తుపాకీతోనూ చంపుతున్నారు. అది సరైనదేనా అన్నది టాపిక్. రెండు జట్లూ బాగానే వాదించుకున్నాయి. బెల్ కొట్టే ముందు రేపల్లె వైపు నుంచి వచ్చే ఒక బాబు లేచాడు. "మిస్, బావురుపిల్లి వస్తోందని మా నాన్న చెరువు గట్టు మీద ఉచ్చులు పెట్టారు. మా నాన్న చేసింది తప్పా?" ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న రూలు వాడికీ గుర్తు లేదు, నాకూ గుర్తు రాలేదు. అప్పటికి ఏదో చెప్పి కూర్చోబెట్టాను. వాడికి ఇవ్వాల్సిన జవాబే ఇది.

ముందు డింగో సంగతి. అది ఆస్ట్రేలియా చేరి కనీసం 3,500 ఏళ్లయింది. గొర్రెల మందల్లోకి రాకుండా అక్కడివాళ్లు 5,600 కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు. రైతుల నష్టం అబద్ధం కాదు. 2001లో ఫ్రేజర్ ద్వీపంలో డింగోలు తొమ్మిదేళ్ల బాబును చంపేశాయి. ఆ తర్వాత అక్కడ పదుల సంఖ్యలో డింగోలను చంపారు. కాబట్టి "పాపం, మూగజీవాలు" అని ఒక్క మాటతో వాదన ముగించిన జట్టుకు నేను మార్కులు తక్కువే వేశాను.

అయితే డింగోలు లేకుండా చేసిన చాలాచోట్ల కంగారూలు పెరిగి, గొర్రెలు మేయాల్సిన గడ్డి అవే మేస్తున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. డింగోలు గుంపుగా బతుకుతాయి. గుంపులో పెద్దవాటిని చంపితే కట్టుబాటు పోయి, మిగిలిన కుర్రవి ఎటు పడితే అటు తిరుగుతాయి. మందల మీద పడే బెడద అప్పుడు తగ్గకపోగా పెరగవచ్చు. సైన్సు పుస్తకంలో "ఫుడ్ వెబ్" అని బాణాలు గీసి బట్టీ పట్టేది దీన్నే. ఒక బాణం చెరిపేస్తే మిగతావి ఎటు తిరుగుతాయో పరీక్షలో ఎవరూ అడగరు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అనగానే చాలామంది దివిసీమ వైపే చూస్తారు. కానీ దాని మడ అడవుల్లో కొంత భాగం మన బాపట్ల జిల్లాలో, లంకెవానిదిబ్బ, అడవులదీవి దగ్గర ఉంది. బావురుపిల్లి ఇల్లు అదే. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద నల్లని మచ్చలు వరుసలు కట్టి ఉంటాయి, తోక పొట్టి. కాలి వేళ్ల మధ్య కొంతమేర చర్మం ఉంటుంది. పిల్లి నీళ్లకు భయపడుతుందంటాం కదా, ఇది నీళ్లలోకి దూకి చేపను పడుతుంది! ప్రధాన ఆహారం చేపలే. పీతలు, పక్షులు, ఎలుకలు కూడా తింటుంది. వరి చేలో ఎలుక బుట్టలు పెట్టించడానికి మనుషుల్ని పిలిచి డబ్బులిచ్చే రైతుకు ఆ చివరి మాట విలువ తెలుసు.

మడ చెట్లు కొట్టి చెరువులు తవ్వాక దానికి చేపలు దొరికే చోటు మన చెరువు గట్టే అయింది. అది తినదని నేను చెప్పను. కానీ తెల్లవారుజామున డీఓ పడిపోతే ఒక్క పూటలో తేలే చేపల్ని చూసిన మీరే చెప్పండి, ఒక పిల్లి రాత్రికి ఎన్ని తినగలదు?

చట్టం కూడా తెలుసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఇది మొదటి షెడ్యూల్ జంతువు. పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, దానికి తోడు జరిమానా. పిల్లి చావకపోయినా, ఉచ్చు పెట్టడమే చట్టం లెక్కలో వేట. కరెంటు తీగ మాట ఇక చెప్పనక్కర్లేదు. చీకట్లో ఆ గట్టు మీద నడిచేది పిల్లి ఒక్కటే కాదు, మన పిల్లలు కూడా.

మరి ఏం చేయాలి? చచ్చిన చేపల్ని గట్టు మీద పారేయకుండా గుంట తీసి పూడ్చండి, ఆ వాసనకే అది అలవాటు పడుతుంది. రాత్రిపూట కోళ్లను గంప కింద వదిలేయకుండా ఇనుప జాలీ ఉన్న గూట్లో పెట్టి తలుపు వేయండి. నర్సరీ చెరువులు చిన్నవి కాబట్టి చుట్టూ వల కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. గడ్డివాము పక్కనో, జమ్ములోనో మచ్చల కూనలు కనిపిస్తే "చిరుత పిల్లలు" అని వాట్సాప్‌లో పెట్టకండి. చిరుతకు తోక పొడుగు, మచ్చలు పువ్వుల్లా ఉంటాయి. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది. కూనల్ని ముట్టుకోకుండా వదిలేసి, అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేయండి.

ఒడిశాలోని చిలికా సరస్సులో కెమెరాలు పెట్టి లెక్కిస్తే 176 బావురుపిల్లులు ఉన్నాయని 2022లో ప్రకటించారు. జాలర్ల ఊళ్ల మధ్యే అన్ని బతుకుతున్నాయి. పశ్చిమ బెంగాల్ అయితే దీన్ని రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది.

ఆ బాబుకు నా జవాబు ఇది: మీ నాన్నగారి కోపం తప్పు కాదు నాన్నా, ఉచ్చు మాత్రం తీసేయమని చెప్పు. ఈ పేజీ ఆయనకు చదివి వినిపించు, నేను రాశానని చెప్పు.

ఈ నెల ప్రాజెక్టు కోసం ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో ఒక ప్రశ్న అడుగుతారు: "మీ చిన్నప్పుడు మన ఊళ్లో కనిపించి, ఇప్పుడు కనిపించని జంతువు ఏది?" తెనాలి వాళ్లైనా, బాపట్ల వాళ్లైనా, తాతయ్యనో నానమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. పేరు ఇంగ్లీషులో తెలియకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో ఏమంటారో అదే రాసి పంపండి.