నీళ్ళు తేరితే చాలా?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు తొలి వానలకు నల్లా నీళ్ళు ఎర్రగా రావడం మనలో చాలామంది చూసిందే. మా అమ్మ బిందె మూతికి పాత చీర కట్టి వడగట్టేది. చెత్త ఆగేది, రంగు మాత్రం పోయేది కాదు.

పాత చీరను తీసిపారేయలేం. ఉతికి ఉతికి దారాలు ఉబ్బి, నాలుగు మడతలు వేస్తే సందులు మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు తగ్గుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా వడగట్టిన ఇళ్ళలో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో రీటా కాల్‌వెల్ బృందం ప్రకటించింది. అయితే బంకమట్టి అంతకన్నా సన్నం.

బిందెలో నీళ్ళ లోతు 30 సెంటీమీటర్లు అనుకుందాం. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు అర నిమిషంలో అడుగు చేరుతుంది. నూరో వంతు ఉన్న ఒండ్రుకు గంట కావాలి. వెయ్యో వంతు ఉన్న బంకమట్టికి సుమారు నాలుగు రోజులు! రేణువు పదింతలు చిన్నదైతే వేగం నూరింతలు తగ్గుతుంది. మన నిజాంసాగర్ కూడా ఒక పెద్ద బిందే. 1931లో పూర్తయినప్పుడు 29.7 టీఎంసీలు పట్టేది, మంజీర తెచ్చిన ఒండ్రు పేరుకుని 1973 నాటికి 12 టీఎంసీల లోపుకు వచ్చింది. తర్వాత నీటిమట్టం పెంచుకోవలసి వచ్చింది.

బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది కనుక ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కలిసి బరువెక్కవు. పటికలోని అల్యూమినియం ధనావేశంతో వాటిని గుత్తులుగా కడుతుంది. బోధన్ వైపు వాళ్ళు బెల్లం వండడం చూసే ఉంటారు. చెరకు రసంలో బెండ జిగురు పోస్తే మురికి ముద్దలై పైకి తేలుతుంది. అక్కడ తేలేది ఇక్కడ మునుగుతుంది, అంతే తేడా.

20 లీటర్ల బకెట్‌కు సుమారు ఒక గ్రాము పటిక పొడి చాలు. ఎక్కువైతే నీళ్ళు వగరెక్కుతాయి. ఒక నిమిషం గట్టిగా, అయిదు నిమిషాలు మెల్లగా కలిపి గంటసేపు కదపకుండా ఉంచాలి. పై నీళ్ళే వంచుకుని, అడుగున నాలుగు వేళ్ళ మందం వదిలేయాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. తేట నీళ్ళలోనూ క్రిములు ఉంటాయి, ఫ్లోరైడ్ కూడా ఇలా పోదు. బురద నీళ్ళలో నేరుగా క్లోరిన్ వేస్తే మురికే దాన్ని తినేస్తుంది, క్రిములు రేణువుల చాటున దాక్కుంటాయి. కాబట్టి ముందు తేర్చి, తర్వాత మరిగించాలి. మా చెల్లెకు రెండు వానాకాలాలు వరుసగా విరేచనాలు పట్టుకున్నాక గానీ మా ఇంట్లో ఇది తెలియలేదు.

మొదటిసారి చేసి చూపినప్పుడు అమ్మ బకెట్ అడుగున వేలు పెట్టి చూసింది. "ఇంత మన్ను తాగినమా బిడ్డా" అంటూ తేట నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.