కొయినోనియా అంటే పొత్తు



గ్రీకు భాషలో ‘కొయినోస్’ అంటే ఉమ్మడిది, అందరిదీ అని అర్థం. దాని నుండి పుట్టిన మాటే ‘కొయినోనియా’. యెరూషలేములోని తొలి విశ్వాసుల జీవితాన్ని పునీత లూకాగారు ఈ మాటతోనే వర్ణించారు (అ.కా. 2:42). రెండు వచనాల తరువాత, వారికి ఉన్నదంతా ‘కొయినా’, అనగా ఉమ్మడిగా ఉండేదని రాశారు.

మన తెలుగు బైబిళ్లలో ఈ మాట సందర్భాన్నిబట్టి సహవాసమనీ, పాలుపంచుకొనడమనీ, చందా అనీ మారుతుంటుంది. అందువలన ఒక సంగతి మన కంటికి ఆనదు. దివ్యసత్ప్రసాదంలో క్రీస్తు శరీరరక్తాలతో మనకు కలిగే ఐక్యతకు పునీత పౌలుగారు వాడినది ఈ మాటే (1 కొరింతీ 10:16). మాసిడోనియా, అకాయా విశ్వాసులు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన సొమ్ముకు వాడినదీ ఇదే (రోమా 15:26). బలిపీఠం వద్ద స్వీకరించేదీ, పేదవాని కోసం పళ్లెంలో వేసేదీ ఆయన దృష్టిలో ఒకే పొత్తు.

పొత్తు అనగానే ఇప్పుడు ఎన్నికలూ, పార్టీలూ గుర్తుకొస్తాయి. పాత తెలుగులో ‘పొత్తు కుడుచుట’ అంటే కలిసి భుజించడం. కొరింతులో చెడినది సరిగ్గా అదే. ఒకే పంక్తిలో కూర్చొని ఎవరి క్యారేజీ వారు విప్పుకొన్నట్లు, కొందరు తాగి మత్తెక్కితే కొందరు ఆకలితో లేచిపోయారు (1 కొరింతీ 11:21).

అయితే ఇది బలవంతపు ఉమ్మడి కాదు. అమ్మకముందు పొలం నీదే, అమ్మిన పిదప సొమ్మూ నీ చేతిలోనిదే అని పేతురుగారు అననియాతో స్పష్టంగా చెప్పారు (అ.కా. 5:4). అతని తప్పు కొంత ఉంచుకోవడం కాదు, అంతా ఇచ్చినట్లు నటించడం.

పేరుకు ఉమ్మడి, అనుభవం వేరొకరిది అయితే ఏమవుతుందో మన పెదపాడు వైపు వారికి వేరే చెప్పాలా? కొల్లేటిలో 1970లలో సహకార సంఘాల పేరిట చేపల చెరువులు వెలిశాయి. కాగితం మీద అవి సభ్యులందరివీ. పోనుపోను చాలా చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. ఎందరో సభ్యులకు దక్కింది లీజు సొమ్ములో కొద్దిపాటి వాటా, తమ చెరువు గట్టు మీదే కూలిపని. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు తెంచినప్పుడు ఆ కూలీ కూడా పోయింది.

అపోస్తలుల కార్యములలోని 2:42-47, 4:32-35 భాగాలు ఈస్టరు రెండవ ఆదివారాన ‘ఎ’, ‘బి’ సంవత్సరాలలో మొదటి పఠనంగా వస్తాయి. అననియా, సప్పీరాల కథ (5:1-11) ఆదివారపు పఠనాలలో రాదు. ఈ వారం కుటుంబ ప్రార్థనలో మూడింటినీ వరుసగా, పిల్లల చేత చదివించండి.