ఋతువులు - పిడుదులు - క్యాసనూరు అడవి జ్వరం

వ్యాధులకు ఋతువులతో సంబంధం ఉన్నదని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. ఆ సంబంధం ఏ విధంగా ఏర్పడుతున్నదో గ్రహించినప్పుడే నివారణోపాయం తోస్తుంది. ఇందుకు క్యాసనూరు అడవి జ్వరం చక్కని నిదర్శనం.

1957లో నేటి కర్ణాటకలోని శిమోగా జిల్లా, సొరబ తాలూకాకు చెందిన క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు విరివిగా మరణించాయి. పరిసర గ్రామాల ప్రజలు తీవ్రజ్వరం పాలయ్యారు. పుణె నగరంలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు దీనికి కారణమైన వైరస్‌ను కనుగొన్నారు. దానిని ప్రధానంగా చేరవేసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు.

పిడుదు సాలీడుల తరగతికి చెందిన ప్రాణి. గడ్డిపరక కొనకో, ఆకు అంచుకో ఎక్కి, ముందుకాళ్ళు చాచి, అటుగా వచ్చే జంతువు కొరకు నిరీక్షిస్తుంది. పొడిగాలి తగిలితే దాని దేహంలోని తేమ హరించిపోతుంది. అప్పుడది రాలిన ఆకుల పొరలోకి దిగి, అక్కడి గాలిలోని తేమను నోటి ద్వారా గ్రహించి, తిరిగి పైకెక్కుతుంది. కనుక దాని సంచారాన్ని ఉష్ణోగ్రతతోపాటు తేమ కూడా నిర్ణయిస్తుంది.

ఈ పిడుదు జీవితచక్రం వర్షాలను అనుసరించి నడుస్తుంది. జూన్‌లో వానలు మొదలైన పిమ్మట పెరిగిన పిడుదులు పశువుల రక్తం త్రాగి, నేలపై గుడ్లు పెడతాయి. వానలు వెనుకబట్టాక డింభకాలు వెలువడతాయి. అవి చిన్న జంతువులను, పక్షులను, కోతులను ఆశ్రయించి, తరువాత శాబకాలుగా మారుతాయి. సుమారు జనవరి నుండి మే వరకు ఈ శాబకాలదే రాజ్యం. మనుషులను ఎక్కువగా కుట్టేవి ఇవే.

సరిగ్గా ఆ నెలలలోనే పేదలు కట్టెల కొరకు, పశువుల కొట్టంలో పరచే ఎండుటాకుల కొరకు అడవికి పోతారు. పిడుదు దాగిన ఆకులనే చేతులతో ప్రోగు చేస్తారు. వాతావరణం పిడుదును సిద్ధం చేయగా, జీవనావసరం మనిషిని దాని చెంతకు చేరుస్తున్నది. ఈ రెండూ కలిసిన చోటనే ప్రమాదమున్నది. వ్యాధితో కోతి మరణిస్తే దాని దేహం విడిచిన పిడుదులు ఆ పరిసరాలలోనే వ్యాపిస్తాయి.

ఈ వ్యాధి మనిషి నుండి మనిషికి సోకదు. కావున రోగిని వెలివేయడం అజ్ఞానమే గాక అన్యాయం కూడా. పిడుదు కుట్టిన మూడు నుండి ఎనిమిది రోజులలో హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పి కలుగుతాయి, కొందరిలో రక్తస్రావమవుతుంది. నూరుగురు రోగులలో ముగ్గురు నుండి ఐదుగురు మరణించవచ్చును. ప్రత్యేకమైన ఔషధం లేదు గాని, సకాలంలో వైద్యం అందితే ప్రాణం దక్కే అవకాశం హెచ్చు.

ఒళ్ళంతా కప్పే దుస్తులు, పిడుదులను పారద్రోలే తైలం, అడవి నుండి రాగానే వేడినీటి స్నానం, మరణించిన కోతిని తాకక అధికారులకు తెలుపడం - ఇవి అవసరమైన జాగ్రత్తలు. అడవికి పోకుండా పూటగడవని వారికి "పోవద్దు" అని చెప్పి ఊరుకోవడం సులభం. ఎప్పుడు, ఎందుకు జాగరూకత వహించవలెనో తెలియజెప్పడం చదువుకున్న మన బాధ్యత.