నీళ్లు మాని పూయించే కాగితం పువ్వు

జూలైలో మబ్బు పట్టిన వారం చూసుకుని కొమ్మ కోస్తారు. పచ్చి కొమ్మ కుళ్లిపోతుంది కాబట్టి ముదురుదే కావాలి. పెన్సిలు లావు, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు ఆనుకుని ఏటవాలుగా, పై కోత అడ్డంగా. గుచ్చేటప్పుడు తల ఏదో, మొదలు ఏదో తికమక పడకుండా ఈ తేడా.

మొదళ్లను ఐబీఏ పొడిలో అద్ది దులుపుతారు. వేళ్లు పుట్టించే మందు ఇది. రెండు పాళ్ల ఇసుకకు ఒక పాలు ఎర్రమట్టి కలిపి సంచుల్లో నింపి, రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో పెడతారు. ఎరువు ఇప్పుడే వద్దు. పల్నాటి నల్లరేగడి అసలే వద్దు. తడిస్తే బంక, ఆరితే బీట.

పదిహేను రోజులకే చిగురేస్తుంది. దాన్ని నమ్మకూడదు, అది కొమ్మలో దాగిన సత్తువ. వేరు పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా ఎవరో ఒకరు లాగి చూస్తారు, అక్కడితో సరి. లేత వేళ్లు ఎండు సేమ్యాలా పుటుక్కున విరుగుతాయి. అందుకే కుండీలోకి మార్చేటప్పుడు సంచిని బ్లేడుతో నిలువునా చీరి, మట్టిగడ్డ చెదరకుండా దించుతారు.

పన్నెండు అంగుళాల కుండీ చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు. అడుగు రంధ్రంపై పెంకు ముక్క. వారం పాటు నీడ, ఆ తర్వాత రోజంతా ఎండ. వేసవిలో రెంటచింతల వైపు 45 డిగ్రీలు దాటినా వేరు పట్టిన మొక్క తట్టుకుంటుంది.

ఈ మొక్కకు పల్నాడులో అసలు చిక్కు సున్నం. పిడుగురాళ్ల చుట్టూ నేలే సున్నపురాయి. బోరు నీళ్లు బిందెకు తెల్లపొర కట్టిస్తాయి. ఆ నీళ్లతో ఇనుము అందక లేతాకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. లీటరు నీటికి ఇనుము అందించే అన్నభేది 5 గ్రాములు, గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తారు. వారం తర్వాత మరోసారి.

అక్టోబరు నుంచి కొమ్మ జానెడు పెరిగినప్పుడల్లా కొస తుంచుతారు. ఒక్క కొమ్మ రెండు మూడవుతుంది. పూత కొత్త కొమ్మల మీదే కాబట్టి ఈ తుంపుడే రేపటి పూత. ఈ దశలో యూరియా వేస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది, పువ్వు మాత్రం ఉండదు.

సంక్రాంతి దాటాక నీళ్లు ఆపుతారు. ఇంట్లో పెద్దవాళ్లు చూసి తిడతారు గానీ నేర్పంతా ఇక్కడే. రెండు మూడు రోజులకు ఆకు మెత్తబడి వాలుతుంది. ఎండి రాలకముందే, వాలిన ఆ పూటే, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి మళ్లీ ఆపుతారు. ఇలా మూడు వారాలు. కొసల్లో గింజంత రంగు కనబడిందా, రోజూ నీళ్లివ్వాల్సిందే, లేకపోతే మొగ్గ రాలుతుంది. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదిలే వేళకు రంగు నిండుతుంది. మనం రేకులనుకునేవి నిజానికి పుచ్ఛాలు, రంగు తిరిగిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో నిలిచే సన్నటి తెల్ల గొట్టం.

రంగు వెలిసి రాలగానే కొమ్మలను మూడోవంతు కోస్తారు, తోలు చేతొడుగులతోనే. ముల్లు గుడ్డ చేతొడుగును లెక్కచేయదు. గుప్పెడు పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే మళ్లీ చిగుళ్లు.