వ్యాధి ముదిరిన యింట విశ్వాసము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా మొదలగు స్పానిషు భాషా ప్రాంతములకు చెందినవారిని, వారి సంతతివారిని లాటినోలని వ్యవహరింతురు. 2020 జనాభా లెక్కలలో వీరి సంఖ్య 6 కోట్ల 20 లక్షలకు పైగా తేలినది. వీరిలో కేథలిక్కులు అధికులు. ప్రొటెస్టెంటు సంఘములవారును, ఏ మతమును చెప్పుకొననివారును కలరు. ఇంతటి జనసమూహమును ఒకే మూసలో పోయుట తగదు. అయినను ఇంటిలో ఒకరికి కేన్సరు ముదిరి, నయమగు దశ దాటినపుడు ఈ కుటుంబములు పెక్కింటిలో కానవచ్చు నడవడి యొకటి కలదు. అది పరిశీలింపదగినది.

రోగము ఒకరిది, బాధ ఇంటిల్లిపాదిది. కుటుంబమునకే అగ్రస్థానమిచ్చు ఈ భావమునకు ‘ఫమిలిస్మో’ యని పేరు. రోగి వైద్యుని యొద్దకు ఒంటరిగా పోడు. భార్యయో, కుమార్తెయో, తోబుట్టువో వెంట నుందురు. ఈ బలమునుండియే ఒక చిక్కు పుట్టుచున్నది. 1995లో ప్రకటితమైన ఒక పరిశోధనలో లాస్ ఏంజెలిస్ ప్రాంతపు వృద్ధులు 800 మందిని ప్రశ్నించిరి. కేన్సరు శరీరమంతట వ్యాపించినదని రోగికి చెప్పవలెనని ఐరోపా సంతతివారిలో నూటికి 87 మంది భావింపగా, మెక్సికో సంతతివారిలో 65 మందియే అట్లు భావించిరి. మరణము తప్పదను మాట చెప్పవలెనన్నవారు వీరిలో 48 మంది మాత్రమే. అమెరికాలోనో, చికిత్సను గూర్చి నిర్ణయించుకొను హక్కు రోగిదేయని ఆసుపత్రులు ఎరుకపరుపవలెనని 1990లోనే చట్టము చేసిరి. చట్టము రోగిని చూచుచున్నది. కుటుంబము తల్లిని చూచుచున్నది.

కుమార్తె తల్లి కుంగిపోవునని నిజము దాచును. తల్లి దానిని ఎప్పుడో గ్రహించియుండును. కుమార్తె తాళలేదని తానును దాచును. ఇద్దరును వేరువేరు గదులలో ఒకే దేవుని ప్రార్థింతురు. ప్రేమవలన పుట్టిన మౌనమే యైనను, ఆ భారము ఇరువురి మనస్సులను తినివేయును.

ఈ కుటుంబములలో దైవవిశ్వాసము నిత్యజీవనమున కలిసిపోయినది. మెక్సికోవారు గ్వాడలూపే మాతకు మ్రొక్కుకొందురు. మ్రొక్కునకు వారి భాషలో ‘మాందా’ యని పేరు. మాటకు ముందో వెనుకనో ‘సీ దియోస్ కియెరే’, అనగా ‘దేవుడు తలచినచో’ అనుట వాడుక. దీనిని విని, వీరు విధిని నమ్మి చికిత్స మానుదురని కొందరు త్వరపడి తీర్పు చెప్పుదురు. ఆ మాట యనువారే మరునాడు కేన్సరు మందు ఎక్కించుకొనుటకు బయలుదేరుదురు. చికిత్సకు రానివారి విషయమున బీమా లేకపోవుట, ఇంగ్లీషు రాకపోవుట, ఆనాటి కూలి పోవుట అను కారణములను ముందుగా విచారించుట న్యాయము.

విశ్వాసము మనస్సునకు మేలు చేయునా యను ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు. కెన్నెత్ పార్గమెంట్ అను మనస్తత్త్వవేత్త దీనిని రెండు విధములుగా విడదీసెను. దేవుడు ఈ కష్టమున తోడున్నాడనుకొనుట ఒకటి. దేవుడు శిక్షించుచున్నాడు, విడిచిపోయినాడు అనుకొనుట మరియొకటి. రెండవ తలంపు గలవారిలో దిగులు, వేదన అధికముగా కనబడుచున్నవి. ఇట్టి రోగితో బంధువులు ‘నీకు నమ్మకము చాలదు, ఇంకను ప్రార్థింపుము’ అనిరేని, ఓదార్పు కావలసిన మాట నిందయై కూర్చుండును.

ముదిరిన కేన్సరుగల 345 మంది అమెరికనులపై 2009లో వెలువడిన పరిశోధన మరియొక సంగతి తెలిపెను. మతము నెక్కువగా ఆశ్రయించినవారే చివరి వారమున శ్వాసయంత్రము వంటి తీవ్రచికిత్సలను ఎక్కువగా పొందిరి. అద్భుతము జరుగునను ఆశ దీనికొక కారణము కావచ్చును. అయితే వైద్యబృందమే రోగుల ఆధ్యాత్మికావసరములను పట్టించుకొనినచోట ఉపశమన సేవను స్వీకరించినవారు ఎక్కువని మరుసటి యేడు వెలువడిన పరిశోధన చూపెను. అనగా విశ్వాసమును గూర్చి ఎవరైన కూర్చుండి వినుట ముఖ్యము.

ఇందుకొరకే ప్యూర్టో రికోలోని పోన్సే నగర పరిశోధకులు ‘కాసా’ యను పద్ధతిని రూపొందించిరి. స్పానిషులో ఆ మాటకు ఇల్లు అని యర్థము. న్యూయార్కులో విలియం బ్రైట్‌బార్ట్ అను వైద్యుడు, విక్టర్ ఫ్రాంకెల్ భావములను ఆధారముగా గొని, జీవితమునకు అర్థము వెదకు మానసిక చికిత్సను ఏర్పరచియుండెను. పోన్సేవారు దానికి పరస్పర సంభాషణ శిక్షణను జోడించి, రోగిని, సేవచేయువారిని కలిపి కూర్చుండబెట్టిరి. వేరువేరు గదుల ప్రార్థనను ఒక గదిలోనికి తెచ్చుట వంటిదిది.

ప్యూర్టో రికో యిండ్లలో ఒక ఆచారము కలదు. పిల్లలు ఇంటిలోనికి వచ్చునపుడును, పోవునపుడును పెద్దలను ‘బెందిసియోన్’ అని దీవెన యడుగుదురు. ‘దియోస్ తె బెందిగా’ యని, దేవుడు నిన్ను దీవించుగాక యని పెద్దలు పలుకుదురు. వంటయిల్లు, తాళములు, సంపాదన అన్నియు పరుల చేతికి పోయి, తాను ఇంటికి భారమైతినని కుమిలిపోవు తాతయు మంచముపైనుండి దీనిని ఈయగలడు. పసివారు భయపడుదురని మనుమలను ఆ గదిలోనికి పోనీయని యిండ్లవారు ఆయనకు మిగిలిన ఆ యొక్క పనిని కూడ తీసివేయుచున్నారు.