పాత కారు, కొత్త చిప్పు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా వద్ద 1994 నాటి హోండా సివిక్ ఉన్నది. గాలి పీల్చు గొట్టమును, సైలెన్సరును మార్పించితిని. అప్పటినుండి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినపుడు బండి తడబడుచున్నది. ఇంజిన్ కంప్యూటరుకు చిప్పు వేసి పెట్రోలు పట్టికను దిద్దుకొమ్మని మిత్రులు చెప్పుచున్నారు. ఎంత పెంచవలెనో తెలుప ప్రార్థన.
(ఒక పాఠకుడు, డాలస్, అమెరికా)

జవాబు: ఎంత పెంచవలెనని అడిగితిరే గాని, పెట్రోలు తక్కువైనదని మీకెట్లు తెలిసినదో వ్రాయలేదు. అరిగిన స్పార్కు ప్లగ్గులు, పగిలిన వాక్యూం గొట్టము, మట్టి పట్టిన ఫిల్టరు, నీరసించిన పెట్రోలు పంపు, వీనిలో ఏ ఒక్కటియైనను ఇదే లక్షణమును చూపగలదు. వీనిని సరిచేయక పట్టికను దిద్దబూనుట దండము వంగిన త్రాసుకు రాళ్లు మార్చుట వంటిది. ముందుగా వీనిని చూపించుకొనుడు. అటుపిమ్మటను తడబాటు మిగిలినచో, చిప్పు సంగతి ఆలోచింపవచ్చును.

మీ బండిలో లోనికి వచ్చు గాలిని నేరుగా కొలుచు పరికరము లేదు. మానిఫోల్డులోని పీడనము, గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగము, ఈ మూడింటిని బట్టి గాలి యింతయని కంప్యూటరు అంచనా కట్టి, ఒకవైపు ఆర్.పి.ఎం., మరియొకవైపు పీడనము గల పట్టికలో తగిన గడియందలి సంఖ్యను గ్రహించి, ఇంజెక్టరు ఎంతసేపు తెరచి యుండవలెనో నిర్ణయించును. కావున ఆ సంఖ్య ఫ్యాక్టరీనుండి వెలువడిన నాటి ఇంజిన్ శ్వాసను గూర్చిన అంచనాయే గాని వేరు కాదు. గొట్టములు మారి శ్వాస మారినపుడు ఆ అంచనా కొంత తప్పుట సహజము. వీటెక్ ఇంజిన్ అయినచో కామ్ యొక్క రెండు స్థితులకు రెండు వేర్వేరు పట్టికలుండును. ఒకదానిని దిద్ది రెండవదానిని మరచువారు తరచుగా తారసపడుచుందురు.

మీది పి28 కంప్యూటరైనచో మీరు అదృష్టవంతులు. దాని ప్రోగ్రాము ప్రాసెసరు లోపలనే ఇమిడి యున్నను, బోర్డుమీద వెలుపలి ఈప్రామ్ చిప్పు కొరకు 28 కాళ్ల స్థానమొకటి ఖాళీగా విడువబడి యున్నది. అచ్చట ఒక సాకెట్టును, 74హెచ్‌సి373 అను ఐ.సి.ని, దాని పరివారమైన కొలది చిన్న భాగములను టంకము పెట్టి, జే1 అను గుర్తు వద్ద తీగతో కలిపినంతనే, కంప్యూటరు తన పాత పాఠమును విడిచి మీ చిప్పులోని పాఠమును చదువనారంభించును. టంకము పనిలో చేయి తిరుగనివారు, ఆ పని ముందే జరిగిన కంప్యూటరును కొనుట మేలు.

ఇక ముఖ్యమైనది కొలత. కారుతో వచ్చిన ఆక్సిజన్ సెన్సరు మిశ్రమము 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అను గీటునకు ఇటున్నదో, అటున్నదో చెప్పునే గాని ఎంత దూరమున్నదో చెప్పజాలదు. అందులకు వైడ్‌బ్యాండ్ సెన్సరును క్యాటలిటిక్ కన్వర్టరునకు ముందు బిగించవలెను. నిలకడగా సాగు ప్రయాణములో 14.7ను కదలింపకుడు; కన్వర్టరు మూడు విషవాయువులను ఏకకాలమున హరింపగలిగినది ఆ గీటు సమీపముననే. పూర్తిగా తొక్కినపుడు మాత్రము టర్బో లేని మీ ఇంజిన్‌కు 12.5 మొదలు 13 వరకు తగును. ఒక గడిలో 13.8 చూపి, మీకు 12.8 కావలసినచో, 13.8ని 12.8 చేత భాగింప 1.078 వచ్చును, అనగా ఆ గడిలోని ఇంధనమును సుమారు 8 శాతము పెంచవలెను. చుట్టునున్న గడులను గూడ క్రమముగా సవరింపనిచో ఇంజిన్ గడినుండి గడికి దాటునపుడు కుదుపు తెలియును.

ఒక హెచ్చరిక. ప్లగ్గు మంట రేపనపుడు కాలని ఆక్సిజన్ పొగగొట్టములోనికి వచ్చును. సెన్సరు దానిని చూచి పెట్రోలు తక్కువైనదని పలుకును. ఆ మాట నమ్మి ఇంకను పెట్రోలు పోయువాడు రోగమును పెంచినవాడగును. సెన్సరుకు ముందు సైలెన్సరు గొట్టము కారుచున్నను ఇదే భ్రాంతి కలుగును. రోడ్డుపై తిరుగు బండిలో కాలుష్యనియంత్రణ సాధనములను పనిచేయకుండ జేయుట మీ దేశపు క్లీన్ ఎయిర్ శాసనమునకు విరుద్ధమని గూడ ఎరుంగుడు.

ప్రశ్న: మా పాత కారులో 20 శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయుచున్నాము. కంప్యూటరు దిద్దింపవలెనా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: అమ్మా, సెన్సరు గల ఇంజెక్షన్ బండియైనచో మామూలు ప్రయాణములో ఇథనాల్ వలన కలుగు ఇంధనపు లోటును అదియే పూరించుకొనును. స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావలసియుండగా ఈ మిశ్రమమునకు సుమారు 13.5 చాలును, అనగా అదే గాలికి ఇంధనము కొంత ఎక్కువ కావలెను. బలముగా తొక్కినపుడు కంప్యూటరు సెన్సరు మాట వినదు గనుక అచ్చట మిశ్రమము కొంత పలుచనగును. అయినను ఫ్యాక్టరీ పట్టికలు ఆ గడులలో సాధారణముగా కొంత అధికముగనే పోయుచుండును. నా దృష్టిలో ముందు చూడవలసినవి పాత రబ్బరు గొట్టములు, గాస్కెట్లు. తయారీదారు నిర్దేశమునకు భిన్నముగా వాహనమును మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను అడ్డుచున్నదని గూడ గమనింపుడు.

ప్రశ్న: పట్టికలో పెట్రోలు తగ్గించి మైలేజి పెంచుకొనవచ్చునా?
(ఒక విద్యార్థి, వరంగల్లు)

జవాబు: వీలుపడదు, నాయనా. నిలకడ ప్రయాణములో నీవు తగ్గించిన దానిని సెన్సరు మరల పెంచును. బరువు లాగునపుడు తగ్గించితివా, ఇంజిన్ నాకింగ్ చేసి పిస్టన్లు కాలును. మైలేజి కావలెనన్నచో టైర్లలో గాలి సరిచూచుకొనుము.