జేబులో నిమిడిన జ్ఞాపక యంత్రము

విద్యార్థులారా! మీ తండ్రుల జేబులలోని ఫోను నేడు గడియారము, పంచాంగము, చిరునామాల పుస్తకము, లెక్కల పలక మున్నగువాని నన్నిటిని తనలో నిముడ్చుకొని యున్నది. కాని యీ పనులు ఫోనునకు పుట్టుకతో వచ్చినవి కావు. ఫోను మాటలు చేరవేయుటకే యుపయోగపడుచున్న దినములలో, జ్ఞాపకముంచుకొను పని వేఱొక చిన్న యంత్రమున కప్పగింపబడి యుండెను. దానిని ఆర్గనైజరు అనుచుండిరి. 1984వ సంవత్సరముననే ఇంగ్లండులో సైయాన్ అను సంస్థ అట్టి యంత్రము నొకదానిని చేసి యమ్మెను. అయినను లక్షలకొలది జనుల జేబులలోనికి దానిని ప్రవేశపెట్టినది 1996లో అమెరికాలో వెలువడిన పైలట్ అను యంత్రమని చెప్పవచ్చును. అదే పేరుగల కలముల సంస్థ యొకటి యభ్యంతరము చెప్పుటచేత, తరువాత దీనికి పామ్ అను పేరే స్థిరపడెను.

దీని పుట్టుక వినదగినది. జెఫ్ హాకిన్స్ అను ఇంజనీరు 1992లో పామ్ కంప్యూటింగ్ అను సంస్థను స్థాపించెను. ఇతర సంస్థలతో గలసి యాతడు 1993లో వెలువరించిన జూమర్ అను చేతియంత్రము జనులకు రుచింపలేదు. ఆ సంవత్సరముననే ఆపిల్ సంస్థ న్యూటన్ అను యంత్రమును సుమారు 700 డాలర్లకు విక్రయింప నారంభించెను. అది ఎవరి చేతివ్రాతనైనను చదువుదునని వచ్చి, సరిగా చదువలేక, పత్రికల వారి హాస్యమునకు గుఱియయ్యెను. పైగా అది చొక్కాజేబులో పట్టునది కాదు. హాకిన్స్ ఈ రెంటిని చూచి, తీగలను బ్యాటరీలను ముట్టకమునుపే, తన జేబులో పట్టునంత కొయ్యముక్కను కోసి నునుపు చేసెను. చీనావారు అన్నము తినుటకు వాడు పుల్ల నొకదానిని చెక్కి దానికి కలముగా నేర్పరచుకొనెను. ఆ కొయ్యబిళ్లను జేబులో నుంచుకొని తిరుగుచు, ఎవరైనను ఫలాని దినమున తీరిక యున్నదా యని యడిగినచో దానిని వెలికి దీసి, నిజమైన యంత్రమైనట్లే పుల్లతో తట్టి చూచుచుండెను. చూచువారికిది వెఱ్ఱిగా దోచియుండును! అయినను ఒక దినమున దానిని ఎన్నిమాఱులు తీయవలసి వచ్చును, తీసినపుడు ఏమి చూడగోరుదుము అను సంగతులు ఆ కొయ్యముక్కయే తేల్చిచెప్పెను.

అందుచేతనే పైలట్‌లో ముఖ్యమైన పనులు నాలుగే, వానికి మీటలు నాలుగే: తేదీల పుస్తకము, చిరునామాలు, చేయవలసిన పనుల పట్టిక, చిల్లర వ్రాతలు. మీట నొక్కినతోడనే ఆ పుట కన్పట్టును. పెద్ద కంప్యూటరు మేల్కొనువఱకు కాచుకొని యుండు బాధ దీనియందు లేదు. తెర నిలువున 160 చుక్కలు, అడ్డముగా 160 చుక్కలు, రంగులు లేవు. రెండు సన్నని పెన్సిలు బ్యాటరీలతో వారములకొలది నడచుచుండెను. 299 డాలర్ల నమూనాకు 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే యుండెను. నేడు మీరు తీసికొను ఒక్క ఛాయాచిత్రమునకైనను అది చాలదు.

ఇక దానియందు వ్రాయు విధము. చేతివ్రాతలు దిద్దు వృత్తిలో నున్న నాకు ఈ భాగము మిక్కిలి యింపైనది. న్యూటన్ యంత్రము మనుష్యులందఱి వ్రాతలను తాను నేర్చుకొన బూనెను. హాకిన్స్ దీనిని తలక్రిందులు చేసి, యంత్రము చదువగల యొక్క వ్రాతను మనుష్యులే నేర్చుకొనవలెనని నిర్ణయించెను. దానికి గ్రాఫిటీ యని పేరు. ప్రతి యక్షరమునకు సాధారణముగా ఒకటే గీత, కలమెత్తరాదు. ఇంగ్లీషు 'ఎ' అక్షరమునకు నడిమి యడ్డగీత లేదు, గుడారము ఆకారమున గీచి విడిచినచో చాలును. తెర క్రిందనున్న గడిలో ఎడమవైపున అక్షరములు, కుడివైపున అంకెలు వ్రాయవలెను. ఒక్కొక యక్షరమును ముందటి దానిమీదనే వ్రాయుచుండగా, వ్రాసినది పైతెరమీద వరుసగా తేలును. ఎడమనుండి కుడికి గీత గీచినచో ఖాళీ, కుడినుండి యెడమకు గీచినచో చెఱిపివేత. పలకమీద ఓనమాలు దిద్దిన వానికి ఇది యొక పూట పని. వ్రాయువాడు కొంత వంగుటచేత యంత్రమునకు చదువుట సులభమాయెను.

అయితే ఈ లిపి రోమను అక్షరములకు పుట్టినది. 2002 ప్రాంతమున నేను ఉపాధ్యాయ శిక్షణలో నుండగా, అమెరికాలో ఉద్యోగము చేయు మా బావగారు తాను వాడి విడిచిన పామ్ యంత్రము నొకదానిని నాకిచ్చిరి. 'ధ', 'ఫ' మొదలగు వాని క్రింది యొత్తుకు కలమెత్తకుండుట యెట్లు? గుణింతములు, సంయుక్తాక్షరములు ఏ గడిలో పట్టును? కావున మన ఊళ్లపేరులను, మనుష్యుల పేరులను ఇంగ్లీషు అక్షరములలోనే వ్రాసికొనవలసి వచ్చెను. సుబ్బారావు అను పేరును మూడు విధముల వ్రాసి, మూడుచోట్ల వెదకుచుంటిని. దేశభాషలకును గ్రామవాసులకును పనికివచ్చునట్లు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులు కొందఱు ఇంజనీరులతో గూడి సింప్యూటర్ అను చేతియంత్రమును రూపొందించిరి. ఒకే యంత్రమును పలువురు తమ తమ స్మార్టుకార్డులతో పంచుకొనవలెనని వారి తలంపు. 2004లో అది అంగళ్లకు వచ్చెను గాని విశేషముగా అమ్ముడుపోలేదు.

ఈ యంత్రముతో కాపురము చేయువాడు మఱవరాని సంగతి యొకటి కలదు. మొదటి నమూనాలలో వ్రాసిన దంతయు బ్యాటరీ బలము ఉన్నంతవఱకే నిలుచును. బ్యాటరీలు మార్చునపుడు ఒక నిమిషము మాత్రము ఓర్చుకొనును. పూర్తిగా నిస్సత్తువ కలిగినచో లోనిదంతయు తుడిచిపెట్టినట్లు పోవును. దీనికి విరుగుడుగా యంత్రముతో ఒక చిన్న పీఠము నిచ్చుచుండిరి. దానిని బల్లమీది కంప్యూటరుకు తగిలించి, యంత్రమును అందులో నుంచి, ఒక్క మీట నొక్కవలెను. మార్పు జరిగిన ప్రతి వ్రాతకు యంత్రము ముందే గుఱుతు పెట్టుకొని యుండును గనుక, ఆ గుఱుతులున్న వానినే ఇచ్చిపుచ్చుకొని, రెండుచోట్ల లెక్క సరిచేయును. ఒకే చిరునామాను రెండుచోట్ల రెండు విధముల మార్చియున్నచో దేనిని త్రోసివేయక రెంటిని నిలుపును. తప్పొప్పులు తేల్చుట యజమాని పని. ఈ జాగ్రత్త నాకు నచ్చినది.

కంప్యూటరు లేనివాని గతి యేమి? నాతో పనిచేసిన వృద్ధోపాధ్యాయు లొకరు ఇట్టి యంత్రములో తమ పూర్వశిష్యుల చిరునామాలను రాత్రులు మేల్కొని యెక్కించుకొనిరి. ఇంట కంప్యూటరు లేదు గనుక పీఠము పెట్టెలోనే యుండెను. వేసవి సెలవులలో బంధువుల యూరికి పోవుచు యంత్రమును బీరువాలో దాచిరి. తిరిగివచ్చి క్రొత్త బ్యాటరీలు వేయగా అది కొన్నదినమున నడిగినట్లే, తెరమీది గుఱుతును కలముతో తాకుమనియు, నేటి తేదీ యేదనియు అడిగెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత అటకమీదినుండి అట్ట చినిగిన పాత నోటుపుస్తకము దింపించి, అందలి చిరునామాలకు ఒక్కొక్కటిగా పోస్టుకార్డులు వ్రాసిరి. కొన్ని తిరిగివచ్చినవి, కొందఱు శిష్యులు స్వయముగా చూడవచ్చిరి. యంత్రమును ఆయన విడువలేదు. నెలకొకసారి దానిలోని క్రొత్త చిరునామాలను నోటుపుస్తకమునకు ఎత్తి వ్రాయుచుండిరి. పీఠము చేయు పనిని ఆయన చేతితో చేసిరి, అంతే.

తరువాతి చరిత్ర చిన్నది. ఫోను, ఆర్గనైజరు ఒకటే యగుట ఆరంభమైనపిదప వేఱు యంత్రమును మోయువారు తగ్గిరి. పామ్ సంస్థయు ట్రియో అను పేర ఫోనులు చేసెను. 2007లో ఆపిల్ వారి ఐఫోను వెలువడెను. 2010లో హెచ్‌పీ సంస్థ పామ్‌ను కొనెను. మఱుసటి సంవత్సరముననే ఆ యంత్రముల తయారీని నిలిపివేసెను. నాలుగు మీటల పనులు మాత్రము నేటి ఫోనులన్నిటిలో నున్నవి. వాని చుట్టు వందలకొలది యితర పనులు చేరినవి. పామ్ యంత్రము పాఠము నడుమ మ్రోగినచో అది మనము కోరి పెట్టుకొన్న గంటయే. పరులెవ్వరును దానిని మ్రోగింపలేకుండిరి. నేటి ఫోనును గూర్చి ఆ మాట చెప్పగలవారెవరు?

హాకిన్స్ చెక్కిన కొయ్యబిళ్ల కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ నగరమున, కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాల వారియొద్ద భద్రముగా నున్నది. దానికి బ్యాటరీలు అక్కఱలేదు.